మూడో కిరీటం

1589 జనవరి 1. పారిస్ నడిబొడ్డున, సీన్ నది దీవిలో ఉన్న సాన్-బార్తెలెమీ చర్చి. కొత్త ఏడాది ప్రసంగం ముగించిన ఫాదర్ లాన్సెస్త్ర్ అక్కడున్న అందరినీ చేతులెత్తి ప్రమాణం చేయమన్నాడు. సంచిలో ఆఖరి కాసు దాకా, ఒంట్లో ఆఖరి నెత్తుటి బొట్టు దాకా ధారపోసి పగ తీర్చుకోవాలి. ఆ పగ పరాయి దేశం మీద కాదు, ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ మీద. చేతులన్నీ లేచాయి.

ఫాదర్ చూపు తన ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి దగ్గర ఆగింది. ఆయన అషీల్ ద ఆర్లే. పార్లమాన్ అని పిలిచే పారిస్ ఉన్నత న్యాయస్థానానికి అధిపతి, రాజు పేరు మీద తీర్పులు చెప్పే మనిషి. మీరూ చెయ్యెత్తండి, జనం చూసేలా ఇంకా పైకెత్తండి అని ఫాదర్ పట్టుబట్టాడు. ఎత్తకపోతే ఆ జనం మధ్య నుంచి ప్రాణాలతో బయటపడటం కష్టమని ఆర్లేకు తెలుసు. ఎత్తాడు. రెండు వారాలు తిరగగానే ఆయన్ని బాస్తీల్ జైల్లో వేశారు.

ఆ ప్రమాణం జరిగిన సరిగ్గా ఏడు నెలలకు, ఆగస్టు 1న, ఇరవై రెండేళ్ల సన్యాసి ఒకడు రాజు కడుపులో కత్తి దించాడు.

కుట్ర కథ అనగానే చీకటి గదులు, గుసగుసలు, మారువేషాలు గుర్తొస్తాయి. ఈ కథలో అవి కూడా ఉన్నాయి. కానీ నాలుగు శతాబ్దాల తర్వాత దీన్ని చదువుతున్నప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి పట్టపగలు జరిగిన సంగతులు. రాజును చంపడం పుణ్యమనే మాట దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. దాన్ని ప్రసంగ పీఠాల మీద నుంచి చెప్పారు, అచ్చువేసి అమ్మారు, ఊరేగింపుల్లో పాడారు. కత్తి పట్టినవాడు ఒక్కడే. ఆ ఒక్కడిని తయారుచేయడానికి ఒక నగరమంతా పనిచేసింది.

భక్తుడైన రాజు

మూడో హెన్రీ మతద్రోహి అయితే ఈ కథ అర్థం చేసుకోవడం తేలిక. ఆయన నిష్ఠగల కాథలిక్. 1569లో, ఇంకా యువరాజుగా ఉన్నప్పుడే, జర్నాక్, మొంకొంతూర్ యుద్ధాల్లో ప్రొటెస్టంట్లను ఓడించిన సేనకు నాయకుడు. 1572 ఆగస్టులో పారిస్‌లో వేలాది ప్రొటెస్టంట్లను ఊచకోత కోసిన సెయింట్ బార్తలోమ్యూ రోజున రాచకుటుంబం వైపు నిలబడ్డవాడు. 1573లో పోలండ్ ప్రభువులు ఆయన్ని తమ రాజుగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది అన్న తొమ్మిదో చార్లెస్ చనిపోయాడన్న కబురు అందగానే రాత్రికి రాత్రి క్రాకో కోట నుంచి తప్పించుకుని ఫ్రాన్స్ చేరాడు. 1575 ఫిబ్రవరిలో రీమ్స్‌లో రెండో కిరీటం పెట్టుకున్నాడు.

రాజయ్యాక ఆయన భక్తి ముదిరింది. 1583లో ప్రాయశ్చిత్తం కోసం ఒక భక్త సమాజం పెట్టి, గోనెగుడ్డలాంటి ముతక అంగీ తొడుక్కుని, ముఖానికి ముసుగు వేసుకుని వీధుల్లో ఊరేగింపుల్లో నడిచేవాడు. సన్యాసులంటే ప్రాణం. మరోవైపు ఇష్టులైన కుర్ర దర్బారీల మీద ఖజానా కుమ్మరించాడు. పన్నుల కింద నలిగిపోతున్న జనానికి ఆ భక్తి వేషంలా, ఆ దుబారా నిజంలా కనిపించాయి. జనాన్ని నేను తప్పుపట్టలేను. ఇరవై ఏళ్లకు పైగా ఆగి ఆగి సాగుతున్న మతయుద్ధాలతో పల్లెలు పాడుబడ్డాయి, ధాన్యం ధరలు మండిపోతున్నాయి. అలాంటి రోజుల్లో రాజుగారి ముత్యాల దుద్దులు ఎవరి కంటికైనా ముల్లే.

అసలు చిక్కు వారసత్వం దగ్గర మొదలైంది. హెన్రీకి, రాణి లూయీజ్‌కు పిల్లలు లేరు. 1584 జూన్ 10న రాజుగారి తమ్ముడు ఫ్రాన్సువా చనిపోయాడు. ఆడవారి ద్వారా కిరీటం సంక్రమించదన్న పాత శాసనం ప్రకారం తర్వాతి వారసుడు నవార్ రాజు హెన్రీ. అతను ప్రొటెస్టంట్, పైగా ప్రొటెస్టంట్ సేనలకు నాయకుడు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశానికి ప్రొటెస్టంట్ రాజా? ఒక్క మరణంతో ఈ ప్రశ్న ఫ్రాన్స్ అంతటా ఇంటింటి భయమైంది.

ఆ భయానికి ఒక ముఖం దొరికింది. గీజ్ డ్యూక్ హెన్రీ ఆజానుబాహువు, ముఖం మీద యుద్ధంలో తగిలిన గాటు, జనంలోకి వెళ్తే తాకడానికి ఎగబడేవారు. కాథలిక్ లీగ్ ఆయన చుట్టూ అల్లుకుంది. 1584 డిసెంబర్ ఆఖరున ఝ్వాన్విల్‌లో గీజ్ వంశం స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌తో రహస్య ఒప్పందం చేసుకుంది. నవార్ హెన్రీ గద్దె ఎక్కకూడదు, దానికి సొమ్ము స్పెయిన్ ఇస్తుంది. మతరక్షణ పేరుతో మొదలైన ఉద్యమానికి పొరుగుదేశపు ఖజానా అండగా నిలిచిందన్నది గుర్తుపెట్టుకోవాలి. చర్చిలో చేతులెత్తిన సామాన్యులకు ఆ లెక్కలు తెలియవు.

పీపాలు, పూసలదండలు

పారిస్‌లో లీగ్‌కు సొంత యంత్రాంగం ఉండేది. నగరంలోని పదహారు పేటల పేరు మీద దాన్ని 'పదహారు' అని పిలిచేవారు. ఫాదర్లు, వకీళ్లు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు అందులో ఉండేవారు. సాన్-బెన్వా చర్చి ఫాదర్ ఝాన్ బూషే అందులో ముఖ్యుడు. వీళ్లు ఆయుధాలు కొనిపెట్టడానికి నికొలా పూలాన్ అనే పోలీసు అధికారిని చేర్చుకున్నారు. చట్టం మనిషి తుపాకులు కొంటే ఎవరికీ అనుమానం రాదు కదా. పూలాన్ కొన్నాడు, తర్వాత ప్రతి సమావేశం సంగతీ రాజుకు చేరవేశాడు. మూడేళ్లపాటు ఆ కత్తి అంచు మీద నడిచాడు. రాజు చుట్టూ ఉన్న కొందరు అతని మాట కొట్టిపారేశారు. వేగుల మాట అందినా దాన్ని వినే తీరిక, నమ్మే ధైర్యం లేని పాలన అది.

1588 మే 9న గీజ్ డ్యూక్ పారిస్‌లో అడుగుపెట్టాడు. రావద్దని రాజు ఆజ్ఞాపించినా వచ్చాడు. వీధులు పూలు కురిపించాయి. బెదిరిన రాజు మే 12 తెల్లవారుజామున స్విస్ సైనికులను, ఫ్రెంచి గార్డులను నగరంలోకి దించాడు. తమ వీధుల్లోకి రాజు సేన రావడం పారిస్ వాళ్లు సహించలేదు. ఖాళీ పీపాల్లో మట్టీ రాళ్లూ నింపి సందు సందుకూ అడ్డంగా దొర్లించారు, గొలుసులు లాగారు. మేడల మీద నుంచి రాళ్లు పడ్డాయి. ఇరుక్కుపోయిన స్విస్ సైనికులు మోకాళ్ల మీద కూలబడి, మేమూ కాథలిక్కులమేనంటూ జపమాలలు చూపించి ప్రాణభిక్ష అడిగారు. చివరికి వాళ్లను విడిపించింది రాజు కాదు, గీజ్. చేతిలో ఒక బెత్తంతో వీధిలోకి వచ్చి జనాన్ని శాంతింపజేశాడు.

తన రాజధానిలో తన సైనికులను కాపాడుకోవడానికి ప్రత్యర్థి దయ కావలసి వచ్చిన రాజుకు మరి మిగిలేదేముంది? మర్నాడు సాయంత్రం ట్విలరీ తోటల మీదుగా బయటపడి గుర్రమెక్కి వెళ్లిపోయాడు. మూడో హెన్రీ మళ్లీ పారిస్‌లో కాలుపెట్టలేదు.

ఆ వేసవంతా ఆయన లొంగుతూ పోయాడు. లీగ్ అడిగిన ఫర్మానాలు ఇచ్చాడు, గీజ్‌ను సేనాధిపతిని చేశాడు. అక్టోబర్‌లో బ్లువా కోటలో ప్రతినిధుల మహాసభ పిలిస్తే సభ్యుల్లో ఎక్కువమంది లీగ్ వాళ్లే వచ్చారు. ప్రారంభ ప్రసంగంలో తన రాజ్యంలోని కొందరు పెద్దలు కట్టిన కూటములను తప్పుపట్టిన మాటలను అచ్చుకు వెళ్లే ముందు మార్చాల్సి వచ్చింది. రాజు నోటి మాటనే దిద్దించారన్నమాట.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు

ఇక్కడ ఈ కథలో రెండో కుట్ర పుట్టింది. ఈసారి కుట్రదారు రాజే.

హెన్రీ దగ్గర 'నలభై ఐదుగురు' అనే అంగరక్షక దళం ఉండేది. చాలామంది గాస్కనీ ప్రాంతపు పేద కుర్రాళ్లు, రాజు జీతం తప్ప వేరే దిక్కులేనివాళ్లు. డిసెంబర్ 23 తెల్లవారకముందే వాళ్లను తన పడకగదిలో, పక్క గదుల్లో దాచాడు. కొందరి చేతుల్లో బాకులు పెట్టాడు. ఆ తర్వాత తన ఫాదర్లను ప్రార్థన గదికి పిలిపించి, తాను తలపెట్టిన పని దేశానికి మేలు చేసేలా నెరవేరాలని పూజ చేయమన్నాడు. ఏం పనో వాళ్లకు చెప్పలేదు. గోడకు ఒక పక్క హత్య, మరో పక్క దాని కోసం దేవుడికి మొర. అటు లాన్సెస్త్ర్, ఇటు హెన్రీ, దేవుణ్ణి పిలిచింది ఒకే పనికి. రాజు పక్షాన రాసే వాళ్లు ఈ సంగతిని త్వరగా దాటేస్తుంటారు. నాకది మొత్తం కథకు కీలకం.

గీజ్‌కు హెచ్చరికలు అందకపోలేదు. ముందురోజు నుంచి చీటీలు వస్తూనే ఉన్నాయి. రాజుకు అంత ధైర్యం లేదన్నదే ఆయన లెక్క. ఏడు నెలలుగా ప్రతి అడుగులో తలవంచిన మనిషి గురించి ఆ లెక్క అసహజమేమీ కాదు. వాన పడుతున్న చలి ఉదయం. మంత్రాంగ సభకు పెందలాడే పిలుపు. గదిలో మంట వేయించుకున్నాడు, ముక్కులోంచి రక్తం కారితే రుమాలు తెప్పించుకున్నాడు, తినడానికి ఎండు ప్లమ్‌పళ్లు అడిగాడు. రాజుగారు లోపలికి రమ్మంటున్నారని కబురు వచ్చింది. లేచి వెళ్లాడు. పడకగది దాటి వెళ్లే ఇరుకు దారి దగ్గర బాకులు లేచాయి. బలశాలి కనుక మీద పడినవాళ్లను ఈడ్చుకుంటూ గది ఆ చివరి దాకా వెళ్లి, రాజుగారి మంచం దగ్గర కూలిపోయాడు.

మర్నాడు ఆయన తమ్ముడు, గీజ్ కార్డినల్ లూయీని సైనికులతో చంపించారు. ఇద్దరి దేహాలను కాల్చి బూడిద లువార్ నదిలో కలిపారు, అవశేషాలను జనం పూజావస్తువులుగా దాచుకోకుండా. కింది అంతస్తులో జబ్బుతో మంచం పట్టిన తల్లి కేథరిన్ డి మెడిచీ పదమూడు రోజులకు కన్నుమూసింది. ముప్పై ఏళ్లు రాజ్యాన్ని ఏదో విధంగా అతుకులు వేసి నిలబెట్టిన మనిషి ఆవిడ. కొడుకు చేసిన పని ఏ చిచ్చు రాజేసిందో చూడటానికి ఆవిడ మిగల్లేదు.

గీజ్ రాజద్రోహానికి ఒడిగట్టాడనడంలో అనుమానం లేదు. అతన్ని న్యాయస్థానం ముందు నిలబెట్టే బలం రాజుకు లేదన్నదీ నిజమే. అయినా విచారణ లేకుండా, నమ్మించి పిలిచి, సొంత గదిలో చంపించడంతో హెన్రీ తన చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధాన్ని, న్యాయానికి మూలస్థానం రాజే అన్న గౌరవాన్ని, పోగొట్టుకున్నాడు. కార్డినల్‌ను చంపడంతో రోమ్ కూడా దూరమైంది.

నిరంకుశుడన్న ముద్ర

వార్త క్రిస్మస్ ముందురోజు పారిస్ చేరింది. పండుగ గంటలు మోగాల్సిన చోట సంతాప గంటలు మోగాయి. వేలాది పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపుగా వెళ్లి, చర్చి ముందు వాటిని నేలకు నొక్కి ఆర్పి కాళ్లతో తొక్కేవారట, రాజుగారి వాలువా వంశం అలాగే ఆరిపోవాలని. రాజుగారి చిత్రాలను చించేశారు. సాన్-పోల్ చర్చిలో ఆయన తన ఇష్టులకు కట్టించిన సమాధులను పగలగొట్టారు. కొన్ని చర్చిల్లో రాజు మైనపు బొమ్మను వేదిక మీద పెట్టి పూజ జరుగుతుండగా సూదులు గుచ్చారని ఆనాటి రాతలు చెబుతున్నాయి.

జనవరి 7న సొర్బాన్ మత పండితులు తీర్మానం చేశారు. రాజుకు చేసిన విధేయతా ప్రమాణం నుంచి ప్రజలకు విముక్తి లభించిందని, మతరక్షణ కోసం రాజుకు ఎదురుగా ఆయుధం పట్టవచ్చని అందులో ఉంది. యూరప్ అంతటా పేరున్న విద్యాపీఠం అది. ఆ ముద్ర పడ్డాక వీధిలోని కోపం ధర్మశాస్త్రమైంది. దానిపై బూషే ఏకంగా లాటిన్‌లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. రాజు నిరంకుశుడని ఒప్పుకుంటే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. ఎందుకంటే నిరంకుశుణ్ణి చంపవచ్చా అన్నది ప్రాచీన గ్రీకు రోజుల నుంచి తత్వవేత్తలు వాదిస్తున్న ప్రశ్న. ప్రసంగ పీఠం ఎక్కినవాళ్లకు ఒక మాట చేర్చడమే తరువాయి: ఆ నిరంకుశుడు ఇతనే.

ఇవన్నీ మనకు తెలియడానికి ముఖ్య కారణం పియెర్ ద లెత్వాల్ అనే న్యాయస్థాన ఉద్యోగి. రాజపక్షపు వాడు. లీగ్ నగరంలో తలవంచుకుని బతుకుతూ, రోజూ విన్న ప్రసంగాలను డైరీలో రాసుకున్నాడు, గోడల మీద అంటించిన బొమ్మల కాగితాలను, కరపత్రాలను సేకరించి దాచాడు. దొరికితే ఉరే. పక్షపాతం ఉన్న సాక్షి, ఒప్పుకోవాలి. ఆయన దాచిన అచ్చుకాగితాలు మాత్రం లీగ్ వాళ్లు స్వయంగా వేసినవే.

ఆ డైరీలో పదే పదే కనిపించే మనిషి మోంపాన్సియే డచెస్ కేథరిన్. హతులైన గీజ్ సోదరుల తోబుట్టువు. నడుముకు బంగారు కత్తెర వేలాడదీసుకుని తిరిగేదని ప్రసిద్ధి. పోలండ్ కిరీటం ఒకటి, ఫ్రాన్స్ కిరీటం రెండు, ఇక మూడో కిరీటం తానే పెడతానని, అంటే రాజును పట్టుకుని సన్యాసులకు చేసినట్టు నడినెత్తి గొరిగి మఠంలో పడేస్తానని ఆవిడ శపథం. ఆ మాటలో గుచ్చుకునే ముల్లు వేరే ఉంది. మూడో కిరీటం స్వర్గంలో దొరుకుతుందని హెన్రీ తన రాజముద్రికా వాక్యంగా పెట్టుకున్నాడు. తన సోదరుల సేనలు సాధించలేనిది తన ప్రసంగకులు సాధించారని కూడా ఆవిడ చెప్పుకునేదట. ఏ ఆదివారం ఏ చర్చిలో ఏం చెప్పాలో ఆవిడ ఇంటి నుంచి వెళ్లేదని రాజపక్షం వాళ్లు గట్టిగా నమ్మారు.

తెల్లని అంగీ

రాజు దగ్గర ఇక ఒకే దారి మిగిలింది. ఏప్రిల్‌లో తన ప్రొటెస్టంట్ వారసుడు నవార్ హెన్రీతో సంధి చేసుకున్నాడు. ఏప్రిల్ 30న తూర్ దగ్గర ప్లెస్సీ కోటలో ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు సేనలు నడిపినవాళ్లు. జులై ఆఖరుకు ఉమ్మడి సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. రాజు సాన్-క్లూలో, నది ఒడ్డున ఎత్తు మీదున్న గోండీ ఇంట్లో దిగాడు. దాడికి ముహూర్తం ఆగస్టు 2.

పారిస్‌లో సాన్-ఝాక్ వీధి డొమినికన్ మఠంలో జాక్ క్లెమాన్ ఉండేవాడు. సాన్స్ ఊరి దగ్గర సెర్బాన్ అనే పల్లెలో 1567లో పుట్టిన రైతు కుటుంబపు బిడ్డ. చదువు అంతంతమాత్రం, మాటకు ముందు ఆవేశం. ఆయుధాల ముచ్చట ఎక్కువని తోటి సన్యాసులు 'కెప్టెన్ క్లెమాన్' అని ఆటపట్టించేవారు. మఠం పెద్ద ఎద్మ్ బుర్గ్వాన్ ప్రసంగాల్లో బైబిల్‌లోని జూదిత్ కథ వినిపించేది. శత్రు సేనాని శిబిరంలోకి ఒంటరిగా వెళ్లి, నమ్మించి, తల నరికి తన ఊరిని కాపాడిన స్త్రీ ఆమె. ముట్టడిలో ఉన్న నగరంలో ఆ కథ విన్నవాళ్లకు భాష్యం అక్కర్లేదు.

జులై 31న క్లెమాన్ నగరం దాటాడు. అంగీ చేతిలో కత్తి, సంచిలో రెండు కాగితాలు. ఒకటి లీగ్ ఖైదులో ఉన్న ఒక ప్రభువు దగ్గర సంపాదించిన ప్రయాణ అనుమతి. రెండోది రాజుకు పరిచయ లేఖ, బాస్తీల్‌లో ఉన్న అషీల్ ద ఆర్లే పేరు మీద. రాజు మీద పగ తీర్చుకుంటానని బలవంతంగా చెయ్యెత్తిన ఆ న్యాయాధిపతి పేరే ఇప్పుడు హంతకుడికి తలుపు తెరిచింది. రాజుకు ఆయన మీద నమ్మకం అలాంటిది.

దారిలో రాజు ప్రభుత్వ న్యాయవాది లా గెల్ ఎదురయ్యాడు. ప్రశ్నలు వేశాడు, తృప్తిపడ్డాడు, తనతో తీసుకెళ్లి భోజనం పెట్టి, తన బసలోనే పడుకోబెట్టాడు. క్లెమాన్ భోజనానికి తన కత్తినే బయటికి తీసి మాంసం కోసుకుని తిన్నాడని, రాత్రి ఆదమరచి నిద్రపోయాడని తర్వాత సాక్ష్యాలు చెప్పాయి.

ఆగస్టు 1 ఉదయం ఎనిమిది గంటల వేళ. కాపలావాళ్లు తటపటాయించారు. సన్యాసిని తోసేస్తే పారిస్‌లో ఏమనుకుంటారు, రానివ్వండని రాజే అన్నాడంటారు. ఆయన ఇంకా పొద్దుటి పనుల్లోనే ఉన్నాడు, కాలకృత్యాల కుర్చీ మీద, భుజాల మీద అంగీ కప్పుకుని. ఆ రోజుల్లో రాజులు ఆ వేళలో కూడా మనుషులను చూడటం మామూలే. క్లెమాన్ ఉత్తరం ఇచ్చాడు. చెవిలో చెప్పాల్సిన రహస్యం ఉందన్నాడు. రాజు పక్కనున్న ఇద్దరినీ వెనక్కి జరగమన్నాడు. సన్యాసి వంగాడు, అంగీ చేతిలోంచి కత్తి తీసి పొత్తికడుపులో పొడిచాడు.

హెన్రీ కేక వేసి, కత్తిని తనే పెరికి, క్లెమాన్ ముఖం మీద పొడిచాడు. నలభై ఐదుగురు లోపలికి దూకి సన్యాసిని అక్కడే చంపి కిటికీలోంచి కిందికి విసిరేశారు. బ్లువాలో గీజ్‌ను చంపిన దళమే ఇది. ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే ఆ కత్తి వెనక ఎవరున్నారో చెప్పగల ఒకే ఒక్క నోరు ప్రాణంతో ఉండేది. మర్నాడు శవానికే శిక్ష వేశారు, నాలుగు గుర్రాలతో చీల్చి కాల్చారు.

గాయం ప్రమాదకరం కాదని మొదట వైద్యులు అన్నారు. రాజు తేరుకుని, షెనొన్సో కోటలో ఉన్న రాణికి ఉత్తరం రాయించాడు. సాయంత్రానికి జ్వరం, నొప్పి. నవార్ హెన్రీని పిలిపించి, తన ప్రభువులతో అతనికి విధేయత ప్రకటింపజేశాడు. కాథలిక్కుగా మారకపోతే కిరీటం నిలవదని అతనికి చెప్పాడు. ఆగస్టు 2 తెల్లవారుజామున ప్రాణం పోయింది. ముప్పై ఏడేళ్లు. రెండున్నర శతాబ్దాలు ఏలిన వాలువా వంశానికి ఆఖరి రాజు ఆయన. రాణి లూయీజ్ రాచ విధవలు కట్టే తెల్లబట్టల్లో, గోడలకు నల్లరంగు వేయించిన గదిలో, మరో పదకొండేళ్లు బతికింది.

ఎవరు పంపారు?

పారిస్‌లో ఆనందపు మంటలు వేశారు. డచెస్ పచ్చని పట్టీలు పంచింది. క్లెమాన్ తల్లిని పల్లె నుంచి రప్పించి, పుణ్యాత్ముణ్ణి కన్న తల్లి అని సత్కరించారు. అతని బొమ్మలు వేదికల మీదికెక్కాయి. రోమ్‌లో పోప్ ఐదో సిక్స్‌టస్ ఈ మరణంలో దేవుడి హస్తం చూశాడు.

మరి పంపిందెవరు? డచెస్ అని కొందరు. మఠం పెద్ద అని ఇంకొందరు. బుర్గ్వాన్ రాజపక్షానికి చిక్కి, 1590లో తూర్‌లో నాలుగు గుర్రాలతో చీల్చే శిక్షకు గురయ్యాడు. తనకేమీ తెలియదనే చివరి దాకా అన్నాడు. గీజ్ సోదరుల్లో మిగిలిన మయెన్, 'పదహారు' పెద్దలు, స్పెయిన్ రాయబారి, అందరి మీదా వేళ్లు చూపారు. కథలు రాసేవాళ్లకు ఈ ఖాళీ గొప్ప వరం. ఇంగ్లండులో మార్లో కొద్ది ఏళ్లలోనే దీన్ని నాటకానికెక్కించాడు. పంతొమ్మిదో శతాబ్దంలో అలెగ్జాండర్ డ్యూమా హెన్రీ రోజుల మీద నవలలే రాశాడు. 1908లో గీజ్ హత్య మీద మూకీ సినిమా తీస్తే సాన్-సాన్స్ దానికి ప్రత్యేకంగా సంగీతం కట్టాడు.

నేను మాత్రం ఆ ఒక్క పేరు కోసం వెతకడం మానుకోవాలంటాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఏడు నెలలపాటు ప్రతి ప్రసంగంలో రాజు దేవుడి శత్రువని విన్నాడు. పండితుల తీర్మానం ఉంది, పాపభయం అక్కర్లేదు. జూదిత్ కథ ఉంది, దారి తెలుసు. నగరం రేపో మాపో పడిపోతుంది, వేళ మించిపోతోంది. ఇంత జరిగాక చీకటి గదిలో ఎవరైనా చెవిలో చెప్పారా లేదా అన్నది చిన్న ప్రశ్న. చెవిలో చెప్పినవాడు దొరికితే మిగతా చేతులన్నీ కడుక్కుంటాయి, లాన్సెస్త్ర్‌వీ, బూషేవీ, సొర్బాన్ పండితులవీ. బ్లువాలో తన ఫాదర్ల చేత పూజ చేయించిన హెన్రీ చేతులకూ ఈ నెత్తురు అంటింది.

కుట్ర ఫలించిందా? ప్రొటెస్టంట్ రాజు రాకూడదని రాజును చంపారు. చంపిన మరుక్షణం ప్రొటెస్టంట్ అయిన నవార్ హెన్రీయే నాలుగో హెన్రీగా రాజయ్యాడు. నాలుగో హెన్రీకి రాజ్యం దక్కనివ్వకూడదని పారిస్ 1590 వేసవిలో ముట్టడిని భరించింది. వేలమంది ఆకలితో చచ్చారు. శ్మశానపు ఎముకలు పిండి చేసి రొట్టె కాల్చిన రోజులవి. 1593 జులై 25న నాలుగో హెన్రీ సాన్-దెనిలో కాథలిక్ మతం స్వీకరించాడు. మరుసటి మార్చిలో దాదాపు నెత్తురు చిందకుండా పారిస్‌లో ప్రవేశించి, ఆ రోజే మోంపాన్సియే డచెస్‌ను పలకరించాడు. 1598లో నాంత్ ఫర్మానాతో ప్రొటెస్టంట్లకు ఆరాధనా హక్కులిచ్చాడు.

మనుషులను క్షమించడం ఆయనకు సాధ్యమైంది. ఆ ఏడు నెలల్లో పారిస్ నేర్చుకున్న వాదం మాత్రం చెదరలేదు. 1593లో బారియేర్ అనేవాడు, 1594లో షాతెల్ అనే పంతొమ్మిదేళ్ల విద్యార్థి కత్తులతో వచ్చారు. షాతెల్ కత్తి పెదవిని చీల్చింది. 1599లో స్పెయిన్ జెసూట్ పండితుడు మరియానా తన గ్రంథంలో క్లెమాన్ చేసిన పనిని మెచ్చుకున్నాడు. 1610 మే 14న పారిస్‌లోని ఫెరొన్నరీ వీధి ఇరుకులో బండి ఆగినప్పుడు, రావయాక్ అనే వ్యక్తి చక్రం మీదికెక్కి నాలుగో హెన్రీని పొడిచి చంపాడు. రాజు పోప్ మీద యుద్ధానికి వెళ్తున్నాడని అతను నమ్మాడు. ఎన్ని చిత్రహింసలు పెట్టినా తనను ఎవరూ పంపలేదనే అన్నాడు. కొద్ది రోజులకు పారిస్ న్యాయస్థానం మరియానా గ్రంథాన్ని బహిరంగంగా తగలబెట్టించింది.

నాలుగేళ్ల తర్వాత, 1614 అక్టోబర్‌లో, పారిస్‌లో మళ్లీ మహాసభ కూడింది. సామాన్యుల ప్రతినిధులు తమ అర్జీలో మొట్టమొదటి అంశంగా ఒక శాసనం కోరారు. ఫ్రాన్స్ రాజుకు కిరీటం దేవుడి దగ్గర నుంచే వస్తుంది, భూమ్మీద ఏ మతాధికారానికీ ఆయన్ని దించే హక్కుగానీ ప్రజలను విధేయత నుంచి తప్పించే హక్కుగానీ లేదు, దీనికి విరుద్ధంగా బోధించడం నేరం. ఇద్దరు రాజులను కత్తికి పోగొట్టుకున్న దేశం అడిగిన మాట అది. మతాధికారుల సభ ససేమిరా అంది. 1615 జనవరి 2న కార్డినల్ ద్యు పెరాన్ గంటల తరబడి మాట్లాడి దాన్ని వ్యతిరేకించాడు. రాజులను చంపడాన్ని ఆయన ఖండించాడు. దించే అధికారాన్ని మాత్రం వదులుకోనన్నాడు. ప్రభుత్వం ఆ అంశాన్ని తన నిర్ణయానికి తీసుకుని, అర్జీలోంచి తీయించేసింది.